ఎపిడ్యూరల్ మార్ఫిన్ తీసుకున్న పేషెంటు శ్వాసను వార్డులో కనిపెట్టుకోవడం ఎలా

ఎపిడ్యూరల్ కేథటర్ (వెన్నుపామును చుట్టిన డ్యూరా పొర బయట ఉంచే సన్నటి గొట్టం) ద్వారా ఇచ్చిన మార్ఫిన్ వల్ల శ్వాస ప్రమాదకరంగా మందగించడం అరుదు. సరైన మోతాదులో ఇస్తే సాధారణంగా నూటికి ఒకరి కంటే తక్కువ మందిలోనే కనిపిస్తుంది. చిక్కల్లా అది వచ్చే వేళతోనే. ఉదయం 11 గంటలకు థియేటర్‌లో మందు పడిందనుకుందాం. మధ్యాహ్నానికి పేషెంటు నొప్పి లేకుండా, బంధువులతో మాట్లాడుతూ వార్డులో ఉంటారు. అసలు ప్రమాదం పొంచి ఉండేది సాయంత్రం 5 నుంచి రాత్రి 11 దాకా. ఆ తర్వాత తగ్గుతూ వస్తుంది కానీ మర్నాడు 11 వరకూ పూర్తిగా పోదు. అప్పటికి మత్తు డాక్టర్ ఇంటికెళ్ళి ఉంటారు, నర్సింగ్ డ్యూటీ ఒకసారి కాదు రెండుసార్లు మారి ఉంటుంది, వార్డులో లైట్లు ఆర్పేసి ఉంటారు. మందు పడిన సంగతి మనం మర్చిపోయే వేళకి అది తన పని మొదలుపెడుతుంది.

ఈ వ్యాసం వార్డులోనూ, పోస్ట్ ఆపరేటివ్ గదిలోనూ పనిచేసే స్టాఫ్ నర్సులు, డ్యూటీ డాక్టర్ల కోసం. ఇందులోని మోతాదులన్నీ పెద్దవాళ్ళవి. పిల్లలకు బరువును బట్టి లెక్క వేరు. మీ ఆసుపత్రి ప్రొటోకాల్ ఇంతకంటే కఠినంగా ఉంటే దాన్నే పాటించండి.

ఆలస్యంగా ఎందుకు వస్తుంది

మార్ఫిన్ నీటిలో బాగా కరుగుతుంది, కొవ్వులో అంతగా కరగదు. డ్యూరా పొర దాటి వెన్నుద్రవంలోకి చేరిన మార్ఫిన్ వెన్నుపాములోకి త్వరగా ఇంకిపోదు. ద్రవంతో పాటే నెమ్మదిగా పైకి పాకుతుంది. ఒక్క డోసుతో 18 నుంచి 24 గంటల నొప్పి నివారణ దొరికేది ఈ గుణం వల్లే, ప్రమాదమూ దానివల్లే. గంటలు గడిచేకొద్దీ అది మెదడు కాండం దగ్గరికి చేరుతుంది. అక్కడ శ్వాస లయను నడిపే నాడీకణాల మీద ఉన్న మ్యూ రిసెప్టర్లను (మార్ఫిన్ లాంటి మందులు అతుక్కునే చోట్లను) పట్టుకుంటుంది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఇంకాస్త గట్టిగా ఊపిరి తీసుకోమని చెప్పే వ్యవస్థ అప్పుడు మొద్దుబారుతుంది. మెలకువగా ఉన్నంతసేపూ మెలకువే శ్వాసను కొంత నడిపిస్తుంది. నిద్రపట్టగానే ఆ ఆసరా కూడా పోతుంది.

దీనికి ముందు ఇంకో చిన్న అల ఉంటుంది. ఎపిడ్యూరల్ ప్రదేశంలో సిరలు ఎక్కువ. ఇచ్చిన మందులో కొంత వాటి ద్వారా నేరుగా రక్తంలోకి పోతుంది. మొదటి 2 గంటల్లో కనిపించే మత్తు దానివల్ల వచ్చేదే, కండకు మార్ఫిన్ ఇంజెక్షన్ చేస్తే వచ్చేలాంటిదే. ఆ 2 గంటలు రికవరీ గదిలో సాఫీగా గడిచాయి కదా అని వార్డులో గమనింపు సడలించడమే అన్నిటికంటే పెద్ద పొరపాటు.

మార్ఫిన్ జాతిదే అయినా ఫెంటనిల్ కథ వేరు. అది కొవ్వులో బాగా కరుగుతుంది కాబట్టి ఇచ్చిన చోటే నరాల్లోకీ, సిరల్లోకీ త్వరగా పోతుంది. శ్వాస మందగిస్తే ఇచ్చిన నిమిషాల్లోనే, మహా అయితే 2 గంటల్లోపే మందగిస్తుంది. ఆలస్యపు అల దాదాపు ఉండదు. పంపుతో గంటగంటకూ పోతుంటే మాత్రం రక్తంలో పేరుకుంటుంది. అందుకని పంపు నడుస్తున్నంతసేపూ చూపు తప్పదు.

మన దగ్గర బ్యుప్రెనార్ఫిన్ అనే ఇంకో ఓపియాయిడ్‌ని (మార్ఫిన్ జాతి మందుని) కూడా ఎపిడ్యూరల్‌గా వాడతారు. దాని సంగతి ఈ మందులకు విరుగుడైన నాలాక్సోన్ దగ్గర చెప్పుకుందాం.

ఇంత భయం చెప్పాక ఇంకో మాట కూడా చెప్పాలి. పై పొట్ట ఆపరేషన్లలో, ఛాతీ ఆపరేషన్లలో, పక్కటెముకలు విరిగిన వాళ్ళలో నొప్పి ఊపిరితిత్తులకు చేసే చెడుపు తక్కువేమీ కాదు. నొప్పికి దగ్గలేరు, లోతుగా గాలి పీల్చలేరు. ఊపిరితిత్తుల అడుగు భాగాలు ముడుచుకుంటాయి, కఫం నిలిచిపోతుంది, రెండో మూడో రోజుకి న్యుమోనియా. బాగా పనిచేస్తున్న ఎపిడ్యూరల్ శ్వాసకు మేలే చేస్తుంది. కాబట్టి మందు మానేయక్కర్లేదు, గడియారం చూడటం నేర్చుకోవాలి.

మోతాదు, ఆంప్యూల్, లేబుల్

సిజేరియన్ తర్వాత ఎపిడ్యూరల్ మార్ఫిన్ ఒక్క డోసుగా 2 నుంచి 3 మిల్లీగ్రాములు ఇస్తారు. పెద్ద ఆపరేషన్లలో 4 మిల్లీగ్రాముల దాకా వెళ్తారు. 70 దాటిన వాళ్ళకు 1 నుంచి 2 మిల్లీగ్రాములు చాలు. స్పైనల్‌లో (నేరుగా వెన్నుద్రవంలోకి) ఇచ్చే మార్ఫిన్ ఇందులో చిటికెడు మాత్రమే: 100 నుంచి 150 మైక్రోగ్రాములు. అంటే ఎపిడ్యూరల్ డోసు స్పైనల్ డోసుకు 20 నుంచి 30 రెట్లు. కేథటర్ కొన డ్యూరా చీల్చుకుని వెన్నుద్రవంలోకి జారిందని తెలియక 3 మిల్లీగ్రాములు ఎక్కిస్తే ఏమవుతుందో ఈ ఒక్క లెక్కే చెబుతుంది. అందుకే కేథటర్‌లోంచి బోలస్ (ఒకేసారి ఎక్కించే డోసు) ఇచ్చే ప్రతిసారీ ముందు సిరంజితో వెనక్కి లాగి చూడాలి. స్వచ్ఛమైన ద్రవం ధారాళంగా వచ్చినా, రక్తం వచ్చినా మందు ఎక్కించకండి, మత్తు డాక్టర్‌ని పిలవండి.

ఇంకో పొరపాటు ఆంప్యూల్ దగ్గరే జరుగుతుంది. మన మార్కెట్‌లో 1 మి.లీ. మార్ఫిన్ ఆంప్యూల్ 10 మిల్లీగ్రాములదీ ఉంది, 15 మిల్లీగ్రాములదీ ఉంది. 10ది తీసుకుని సెలైన్‌తో 10 మి.లీ. చేస్తే మి.లీ.కి 1 మిల్లీగ్రాము, 3 మి.లీ. ఇస్తే 3 మిల్లీగ్రాములు. అదే అలవాటుతో 15ది కలిపి 3 మి.లీ. ఇస్తే 4.5 మిల్లీగ్రాములు పోతుంది. సిరంజి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. కలిపేవాళ్ళు ఆంప్యూల్ మీది అంకెను పైకి చదవాలి, పక్కనున్నవాళ్ళు వినాలి. ప్రిజర్వేటివ్ లేని మార్ఫినే ఎపిడ్యూరల్‌కు పనికొస్తుందన్నది కూడా అప్పుడే సరిచూసుకోవాలి.

పంపు మిశ్రమం ఎక్కువ చోట్ల ఇలా కలుపుతారు: 0.5 శాతం ప్లెయిన్ బ్యుపివకైన్ (నరాలను తిమ్మిరెక్కించే మందు) 12.5 మి.లీ., ఫెంటనిల్ 2 మి.లీ. (100 మైక్రోగ్రాములు), సెలైన్ 35.5 మి.లీ. మొత్తం 50 మి.లీ. దీంతో బ్యుపివకైన్ 0.125 శాతం, ఫెంటనిల్ మి.లీ.కి 2 మైక్రోగ్రాములు వస్తాయి. గంటకు 6 మి.లీ. పెడితే పేషెంటుకు గంటకు 12 మైక్రోగ్రాముల ఫెంటనిల్ అందుతుంది. స్పైనల్‌కు వాడే హెవీ బ్యుపివకైన్ ఇందులో కలపకూడదు.

లేబుల్ మీద మందు పేరు ఒక్కటే రాస్తే సరిపోదు. మందు, మోతాదు, ఇచ్చిన సమయం, ఏ సమయం దాకా చూడాలి అనే నాలుగూ ఉండాలి. "ఎపిడ్యూరల్ మార్ఫిన్ 3 మి.గ్రా., ఉదయం 11:00, రేపు ఉదయం 11:00 దాకా గమనించాలి" అని కేస్ షీట్ మొదటి పేజీ మీదా, మంచం తలవైపూ అతికించండి. రాత్రి డ్యూటీకి వచ్చిన సిస్టర్ లెక్కలు కట్టుకునే పని ఉండకూడదు. కేథటర్ లైనుకు పసుపు రంగు చార ఉన్న ట్యూబింగ్ దొరికితే అదే వాడండి, దొరక్కపోతే రెండు చివరలా "ఎపిడ్యూరల్" అని పెద్దగా రాసి అంటించండి. ఎపిడ్యూరల్ మిశ్రమాన్ని ఐవీ లైనుకు తగిలిస్తే బ్యుపివకైన్ గుండెను ఆపేయగలదు.

మంచం దగ్గర సిద్ధంగా ఉండాల్సినవి: ఆక్సిజన్, మాస్కు, సరైన సైజు ఆంబు బ్యాగ్, పనిచేసే సక్షన్, పల్స్ ఆక్సీమీటర్, నడుస్తున్న ఐవీ కాన్యులా, 2 నాలాక్సోన్ ఆంప్యూల్స్, 10 మి.లీ. సిరంజి, సెలైన్. నాలాక్సోన్ ఫార్మసీలో ఉంది, ఇండెంట్ పెడితే వస్తుంది అంటే లేనట్టే లెక్క. కేథటర్ ఉన్నా, తీసేసినా, చివరి మార్ఫిన్ డోసు నుంచి 24 గంటలు నిండేదాకా ఐవీ కాన్యులా తీయకండి.

ఎవరి మీద ఎక్కువ కన్ను వేయాలి

వయసు పైబడినవాళ్ళు, బాగా లావుగా ఉన్నవాళ్ళు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళు, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళు. కిడ్నీ జబ్బులో మార్ఫిన్ నుంచి తయారయ్యే గ్లూకురోనైడ్ అనే పదార్థం బయటికి పోక పేరుకుంటుంది, దానికీ మత్తు గుణం ఉంది. వీళ్ళందరికంటే తేలిగ్గా తప్పిపోయేది స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) ఉన్న మనిషి. చాలామందికి తమకు ఆ జబ్బు ఉందనే తెలియదు. పేషెంటును అడిగితే "నాకు గురకేం లేదండీ" అంటారు. ఆ గదిలో పడుకునే మనిషిని అడగండి: గోడ అవతలికి వినిపించేంత గురక ఉందా, నిద్రలో ఊపిరి ఆగి మళ్ళీ ఉలిక్కిపడి పీల్చుకోవడం చూశారా, పగలు కూర్చున్నచోటే కునికిపాట్లు పడతారా. రెండింటికి అవునంటే కేస్ షీట్ మీద ఎర్ర సిరాతో రాయండి. ఇంట్లో సీప్యాప్ మిషన్ (నిద్రలో శ్వాసమార్గం మూసుకోకుండా గాలి ఒత్తిడి ఇచ్చేది) వాడేవాళ్ళయితే దాన్ని ఆసుపత్రికి తెప్పించి రాత్రి పెట్టించాలి.

ఎంత తరచుగా చూడాలి

అమెరికన్ సొసైటీ ఆఫ్ ఎనస్థీషియాలజిస్ట్స్ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు దీనికి మంచి కొలబద్ద. మార్ఫిన్ ఒక్క డోసు ఇస్తే కనీసం 24 గంటలు: మొదటి 12 గంటలు గంటకోసారి, తర్వాతి 12 గంటలు 2 గంటలకోసారి. ఫెంటనిల్ ఒక్క డోసు ఇస్తే కనీసం 2 గంటలు: మొదటి 20 నిమిషాలు పక్కనే ఉండాలి, ఆ తర్వాత గంటకోసారి. ఫెంటనిల్ పంపు నడుస్తుంటే మొదటి 20 నిమిషాలు పక్కనే, 12 గంటల దాకా గంటకోసారి, 24 గంటల దాకా 2 గంటలకోసారి, ఆ పైన పంపు ఆపేదాకా 4 గంటలకోసారి. పంపు వేగం పెంచినా, బోలస్ ఇచ్చినా లెక్క మళ్ళీ మొదటికి తెచ్చుకోవడం మంచి అలవాటు.

ఆరోగ్యంగా ఉన్న బాలింతలకు సిజేరియన్‌లో తక్కువ డోసు ఇచ్చినప్పుడు కొన్ని చోట్ల కాస్త సడలిస్తారు. 2019లో ప్రసూతి ఎనస్థీషియా నిపుణుల సంఘం సోప్ ఇచ్చిన ఏకాభిప్రాయ పత్రం ప్రకారం, ఎపిడ్యూరల్ మార్ఫిన్ 1 నుంచి 3 మిల్లీగ్రాముల మధ్య ఉండి, ఇంకే ప్రమాద కారణమూ లేకపోతే 12 గంటల పాటు 2 గంటలకోసారి చూస్తే చాలు. ఊబకాయం, స్లీప్ ఆప్నియా, మెగ్నీషియం సల్ఫేట్ నడుస్తున్న ఎక్లాంప్సియా కేసులకు ఈ సడలింపు వర్తించదు.

చూడటమంటే ఏం చూడాలి

వరుస ముఖ్యం. ముందు శ్వాస లెక్క, తర్వాతే పలకరింపు. మనం "అమ్మా, ఎలా ఉంది?" అనగానే పేషెంటు ఉలిక్కిపడి రెండు లోతైన శ్వాసలు తీసుకుంటారు. నిమిషానికి 7 ఉన్నది 14 అవుతుంది. మీరు వెళ్ళిపోయాక మళ్ళీ 7.

కాబట్టి చప్పుడు చేయకుండా వెళ్ళి, దుప్పటి కాస్త తొలగించి, పై పొట్ట మీద చెయ్యి తేలిగ్గా ఆనించి, గడియారం చూస్తూ పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టండి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయడం ఇక్కడ పనికిరాదు. మార్ఫిన్ శ్వాస సమంగా ఉండదు, నాలుగైదు శ్వాసల తర్వాత పెద్ద విరామం వస్తుంది. మీ 15 సెకన్లు ఆ విరామంలో పడితే 4 వస్తుంది, దాని బయట పడితే 20 వస్తుంది. లెక్కతో పాటు లోతు కూడా చూడండి. ఛాతీ కదులుతున్నంత మాత్రాన గాలి ఆడుతున్నట్టు కాదు. గొంతు వదులై నాలుక వెనక్కి జారితే ఛాతీ, పొట్ట ఎదురెదురుగా ఊగుతూ ఉంటాయి, లోపలికి గాలి పోదు. ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టి గాలి తగులుతోందో లేదో చూడండి.

గురక గురించి ప్రత్యేకంగా చెప్పాలి. "ఇన్నాళ్ళకు హాయిగా గురకపెట్టి నిద్రపోతున్నాడు, లేపకండి సిస్టర్" అని ఇంట్లోవాళ్ళు బతిమాలతారు. ఎపిడ్యూరల్ మార్ఫిన్ తీసుకున్న మనిషికి కొత్తగా వచ్చిన గురక సగం మూసుకున్న శ్వాసమార్గం. లేపి తీరాలి.

లెక్క అయ్యాక మత్తు స్కోరు. పూర్తి మెలకువ అయితే 0. కాస్త మగతగా ఉన్నా పిలవగానే కళ్ళు తెరిచి మాట్లాడుతుంటే 1. పిలిస్తే లేస్తారు కానీ మాట్లాడుతూ మాట్లాడుతూనే కళ్ళు మూతలు పడుతుంటే 2. గట్టిగా తట్టినా సరిగా లేవకపోతే 3. పరీక్షకు ఒక్క మాట ప్రశ్న చాలదు. "నొప్పి ఉందా?" అంటే మగతలో కూడా "ఊహూ" అంటారు. "మీ ఊరి నుంచి ఇక్కడికి ఎలా వచ్చారు?" అని అడగండి. వాక్యం మధ్యలో జారిపోతే అది 2.

మత్తు స్కోరు 2 అంటే, శ్వాస లెక్క ఎంత వచ్చినా సరే, శ్వాస మందగించడం మొదలైనట్టే భావించాలి. మగత ముందొస్తుంది, నిమిషానికి శ్వాసలు తగ్గడం తరచుగా తర్వాత వస్తుంది. కొందరిలో లెక్క 12 దగ్గరే నిలిచి, ప్రతి శ్వాసా పైపైకి అయిపోయి, లోపల కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోతుంది. ఆ పెరిగిన కార్బన్ డయాక్సైడ్ మళ్ళీ మత్తెక్కిస్తుంది. కంటిపాప సూదిమొనలా చిన్నదైతే మన అనుమానానికి బలం వస్తుంది, కానీ దానికోసం ఎదురుచూడకూడదు.

నొప్పి స్కోరు, బీపీ, కాళ్ళ కదలిక కూడా అదే కాగితం మీద రాయండి. చార్టులో వరుసగా 18, 18, 18, 18 కనిపిస్తే ఎవరూ లెక్కపెట్టలేదని అర్థం. నిజంగా లెక్కపెట్టిన చార్టులో 13, 16, 11, 14 అని అంకెలు కదులుతూ ఉంటాయి.

ఆక్సిజన్ పెట్టాక పల్స్ ఆక్సీమీటర్ చెప్పే అబద్ధం

మామూలు గాలి పీలుస్తున్న మనిషిలో ఊపిరితిత్తుల గాలితిత్తుల్లో ఆక్సిజన్ పీడనం దాదాపు 100 మి.మీ. మెర్క్యురీ ఉంటుంది. శ్వాస సగానికి తగ్గి కార్బన్ డయాక్సైడ్ 40 నుంచి 80కి ఎగబాకితే ఈ 100 కాస్తా 50కి పడుతుంది. శాచురేషన్ 80ల్లోకి జారుతుంది, అలారం మోగుతుంది, అందరూ పరిగెత్తుకొస్తారు. ఇప్పుడు అదే మనిషికి ముక్కు గొట్టాలతో ఆక్సిజన్ పెట్టి పీల్చే గాలిలో 30 శాతం చేయండి. కార్బన్ డయాక్సైడ్ అదే 80 ఉన్నా ఆక్సిజన్ పీడనం 110 పైనే ఉంటుంది. మానిటర్ మీద 97 అని పచ్చగా వెలుగుతూ ఉంటుంది. పేషెంటు మాత్రం లేవరు.

కనుక వార్డులో ఆక్సిజన్ పెట్టని పేషెంటుకు శాచురేషన్ పడిపోవడం మంచి హెచ్చరిక. ఆక్సిజన్ పెట్టిన పేషెంటుకు అది చాలా ఆలస్యంగా వచ్చే హెచ్చరిక. అవసరం లేని మనిషికి "ఎందుకైనా మంచిది" అని రాత్రంతా ఆక్సిజన్ పెట్టడం మంచిది కాదు. శాచురేషన్ తగ్గినా, మగతగా ఉన్నా, శ్వాస మందగించినా తప్పకుండా పెట్టాలి, పెట్టాక అంకెను నమ్మకుండా మనిషిని చూడాలి. ముక్కు దగ్గర కార్బన్ డయాక్సైడ్ కొలిచే క్యాప్నోగ్రఫీ ఉంటే ఈ చిక్కు తీరుతుంది. మన వార్డుల్లో చాలా చోట్ల అది ఉండదు, ప్రమాదం ఎక్కువున్న పేషెంటును దాని కోసమైనా హెచ్‌డీయూలో (దగ్గరుండి కనిపెట్టే ప్రత్యేక వార్డులో) పెట్టడం మేలు.

ప్రోబు పెట్టే వేలికి నెయిల్ పాలిష్ ఉంటే తుడిచేయండి. ముదురు గోరింటాకు ఉండి సిగ్నల్ సరిగా అందకపోతే వేలు మార్చండి, లేదా చెవి తమ్మెకు పెట్టండి.

వార్డులో అలవాటుగా ఇచ్చేసే ఇంజెక్షన్లు

ఎపిడ్యూరల్ మార్ఫిన్ ఒక్కటే ఉన్నప్పటి కంటే దాని మీద ఇంకో మత్తు మందు పడినప్పుడు వచ్చే ప్రమాదాలే ఎక్కువ. సర్జన్ రాసిన పాత ఆర్డర్ కేస్ షీట్‌లో అలాగే ఉంటుంది: "నొప్పి ఉంటే ట్రమడాల్", "నిద్ర పట్టకపోతే ఆల్‌ప్రాజోలం", "ఫోర్ట్‌విన్, ఫెనర్గాన్". ఎపిడ్యూరల్ ఓపియాయిడ్ తీసుకున్న పేషెంటుకు 24 గంటలూ ఇవేవీ మత్తు డాక్టర్‌ని అడక్కుండా ఇవ్వకూడదు. కేస్ షీట్‌లో ఆ ఆర్డర్ల మీద అడ్డంగా గీత గీయించి సంతకం పెట్టించుకోండి. నొప్పి మిగిలి ఉంటే పారాసెటమాల్ 1 గ్రాము 6 గంటలకోసారి ఇవ్వొచ్చు. కిడ్నీ, రక్తస్రావం ఇబ్బందులు లేకపోతే డైక్లోఫెనాక్ కూడా కలపొచ్చు.

దురద ఇంకో ఉచ్చు. మార్ఫిన్ తర్వాత ముక్కు, మొహం, ఛాతీ దురద పెట్టడం చాలా మామూలు. వెంటనే ఏవిల్ (అలర్జీకి ఇచ్చే ఇంజెక్షన్) చేస్తారు. ఈ దురద హిస్టమిన్ వల్ల వచ్చేది కాదు, వెన్నుపాము, మెదడు కాండంలోని రిసెప్టర్ల వల్ల వచ్చేది. అందుకే ఏవిల్ దురదను పెద్దగా తగ్గించదు, పేషెంటును మాత్రం నిద్రపుచ్చుతుంది. తర్వాత మత్తు స్కోరు 2 వస్తే అది ఏవిల్‌దో మార్ఫిన్‌దో తేల్చుకోలేం. ఓర్చుకోలేనంత దురద ఉంటే నాల్బుఫిన్ 2.5 నుంచి 5 మిల్లీగ్రాములు నెమ్మదిగా ఐవీ, లేదా కింద చెప్పినట్టు పలుచన చేసిన నాలాక్సోన్ 40 మైక్రోగ్రాములు బాగా పనిచేస్తాయి.

ఊపిరి ఆడట్లేదంటే అది మార్ఫిన్ అనుకోకండి

మార్ఫిన్ వల్ల శ్వాస మందగించిన మనిషి "ఊపిరాడట్లేదు" అని చెప్పరు. వాళ్ళకు ఆ బాధే తెలియదు, హాయిగా మగతలో ఉంటారు. పూర్తి మెలకువతో, కంగారుగా, గుసగుసలాడే గొంతుతో ఊపిరి అందట్లేదంటున్నారంటే ముందు అనుమానించాల్సింది బ్యుపివకైన్ బ్లాక్ (తిమ్మిరి) పైకి పాకడాన్ని. చేతి వేళ్ళు తిమ్మిరి ఉన్నాయా అడగండి, మీ వేళ్ళను గట్టిగా పట్టుకోమనండి, దగ్గమనండి. పట్టు సడలి, దగ్గు బలహీనంగా ఉంటే బ్లాక్ మెడ నరాల దాకా వచ్చిందని అర్థం, ఇంకాస్త పైకెళ్తే డయాఫ్రమ్ నరం కూడా పడిపోతుంది. బీపీ పడుతుంది, నాడి నెమ్మదిస్తుంది. పంపు ఆపండి, ఆక్సిజన్ పెట్టండి, ఐవీ ద్రవాలు వేగంగా ఎక్కించండి, మత్తు డాక్టర్‌ని పిలవండి, ఆంబు బ్యాగ్ చేతిలో ఉంచుకోండి. నాలాక్సోన్ ఇక్కడ ఏమీ చేయదు. కాళ్ళు రెండూ ఉన్నట్టుండి పూర్తిగా చచ్చుబడి ఇలా జరిగితే కేథటర్ వెన్నుద్రవంలోకి జారిందేమో అనుమానించాలి.

మత్తు స్కోరు 3, లేదా శ్వాస 8 కంటే తక్కువ

1. భుజం తట్టి, పేరు పెట్టి గట్టిగా పిలిచి "లోతుగా ఊపిరి తీసుకోండి" అని ఆదేశించండి. మార్ఫిన్ మత్తులో ఉన్నవాళ్ళు చెబితే తీసుకుంటారు, నాలాక్సోన్ వచ్చేదాకా ఈ మాటే చికిత్స. ఇంకొకరిని సాయానికి కేకేయండి.

2. గడ్డం ఎత్తి, దవడను ముందుకు నెట్టి శ్వాసమార్గం తెరవండి. మాస్కుతో ఆక్సిజన్ 10 నుంచి 15 లీటర్లు.

3. చెప్పినా ఊపిరి తీసుకోకపోతే ఆంబు బ్యాగ్‌తో 5, 6 సెకన్లకు ఒక శ్వాస ఇవ్వండి. ఛాతీ లేచేంత నొక్కితే చాలు, వేగంగా నొక్కితే గాలి పొట్టలోకి పోయి వాంతవుతుంది. నాడి తగలకపోతే వెంటనే సీపీఆర్.

4. ఎపిడ్యూరల్ పంపు ఆపండి. కేథటర్ లాగేయకండి.

5. నాలాక్సోన్ ఇవ్వండి, మత్తు డాక్టర్‌ని పిలిపించండి.

6. ఈలోగా బీపీ, గ్లూకోమీటర్‌తో షుగర్ చూడండి. షుగర్ పడిపోయిన పేషెంటు కూడా ఇలాగే లేవరు.

స్కోరు 2 ఉన్నా, శ్వాస 8 నుంచి 10 మధ్య ఉన్నా పంపు ఆపి, ఆక్సిజన్ పెట్టి, మంచం దగ్గర నుంచి కదలకుండా పక్కనే ఒకరు కూర్చుని, 5 నుంచి 10 నిమిషాలకోసారి చూస్తూ మత్తు డాక్టర్ సలహా తీసుకోవాలి. ఇంకొంచెం జారినా నాలాక్సోన్.

నాలాక్సోన్ కలపడం, ఇవ్వడం

1 మి.లీ. ఆంప్యూల్‌లో 400 మైక్రోగ్రాములు ఉంటుంది. 10 మి.లీ. సిరంజిలోకి లాగి, 9 మి.లీ. సెలైన్ కలపండి. మి.లీ.కి 40 మైక్రోగ్రాములు. ఐవీలో 1 నుంచి 2 మి.లీ. ఇచ్చి 2, 3 నిమిషాలు ఆగండి. శ్వాస 10 దాటి, పిలిస్తే పలికేదాకా మళ్ళీ మళ్ళీ అంతే ఇవ్వండి. పేషెంటు లేచి కూర్చోవాలని లక్ష్యం పెట్టుకోకండి. ఆంప్యూల్ మొత్తం ఒకేసారి తోసేస్తే నొప్పి నివారణ అంతా ఒక్కసారిగా తెగిపోతుంది. పొట్ట కోసిన మనిషి అరుస్తూ లేస్తారు, బీపీ, నాడి ఆకాశానికి వెళ్తాయి, కొందరిలో ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, గుండె లయ తప్పుతుంది. ఊపిరి పూర్తిగా ఆగిపోయి ప్రాణం మీదకొస్తే మాత్రం లెక్కలు చూడకుండా 400 మైక్రోగ్రాములు ఒకేసారి ఇవ్వడమే. ఐవీ లేకపోతే తొడ కండకు ఇవ్వొచ్చు, కాకపోతే నిదానంగా పనిచేస్తుంది.

పేషెంటు కళ్ళు తెరిచి మాట్లాడగానే అందరూ ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోవడం రెండో ప్రమాదానికి దారి. నాలాక్సోన్ పనిచేసేది 30 నుంచి 90 నిమిషాలు. వెన్నుద్రవంలో మార్ఫిన్ ఇంకా గంటల తరబడి ఉంటుంది. గంట తర్వాత అదే మత్తు మళ్ళీ కమ్ముకుంటుంది. అందుకే మార్ఫిన్ కేసుల్లో నాలాక్సోన్ ఇన్ఫ్యూజన్ పెట్టడం వివేకం. మొదట ఫలితం ఇచ్చిన మొత్తంలో మూడింట రెండు వంతులు గంటకు చొప్పున. మూడు సార్లు 40 చొప్పున 120 మైక్రోగ్రాములకు పేషెంటు తేరుకున్నారనుకోండి, గంటకు 80 కావాలి. 2 ఆంప్యూల్స్ (800 మైక్రోగ్రాములు) సెలైన్‌తో కలిపి 50 మి.లీ. చేస్తే మి.లీ.కి 16 మైక్రోగ్రాములు, సిరంజి పంపులో గంటకు 5 మి.లీ. పెడితే సరిగ్గా 80. పేషెంటును హెచ్‌డీయూకి మార్చండి. ఇన్ఫ్యూజన్ తగ్గించేటప్పుడు, ఆపేటప్పుడు పక్కనే ఉండి చూడాలి, ఆపాక కనీసం 2 గంటలు పక్కకు జరగకూడదు.

బ్యుప్రెనార్ఫిన్ ఇచ్చిన పేషెంటు దగ్గర ఈ లెక్కలు తప్పుతాయి. అది రిసెప్టర్‌ను గట్టిగా పట్టుకుని వదలదు. మామూలు మోతాదు నాలాక్సోన్‌కు లొంగకపోవచ్చు, చాలా ఎక్కువ కావాలి, ఫలితం కూడా మెల్లగా వస్తుంది. అక్కడ అసలు మందు ఆంబు బ్యాగ్, అవసరమైతే వెంటిలేటర్. కాబట్టి ఏ ఓపియాయిడ్ ఇచ్చారో లేబుల్ మీద స్పష్టంగా ఉండాలి, "ఎపిడ్యూరల్ టాప్-అప్ ఇచ్చాం" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు.

పేషెంటు తాలూకు వాళ్ళకు చెప్పాల్సింది

రాత్రి మంచం పక్కన నిద్రపోయేది వాళ్ళే. భయపెట్టకుండా, అర్థమయ్యేలా మూడు ముక్కలు చెప్పండి. పిలిస్తే పలక్కపోయినా, మాట మధ్యలో నిద్రలోకి జారుతున్నా, కొత్తగా గట్టి గురక మొదలైనా, పెదాలు నల్లబడినా అర్ధరాత్రయినా మొహమాటపడకుండా సిస్టర్‌ని లేపండి. ఇంట్లో వాడే నిద్రమాత్ర, దగ్గుమందు, నొప్పి మాత్ర ఏదీ అడక్కుండా ఇవ్వకండి. గంటగంటకూ సిస్టర్ వచ్చి లేపితే విసుక్కోకండి, అది నిద్ర చెడగొట్టడానికి కాదు. బాలింత అయితే ఇంకొకటి: ఆమె మగతగా ఉన్నప్పుడు బిడ్డను పక్కలో వేసి వదిలేయకండి, పాలిచ్చేటప్పుడు ఒకరు పక్కన కూర్చోండి.

గమనింపు ఎప్పుడు ఆపాలి

గడువు మొదలయ్యేది ఆపరేషన్ సమయం నుంచి కాదు, కేథటర్ తీసిన సమయం నుంచి కూడా కాదు. చివరి ఓపియాయిడ్ డోసు సమయం నుంచి. ఉదయం 11కి 3 మిల్లీగ్రాములు, రాత్రి 10కి నొప్పి వస్తే ఇంకో 2 మిల్లీగ్రాములు ఇచ్చారంటే గడియారం రాత్రి 10 నుంచి మళ్ళీ మొదలు, మర్నాడు రాత్రి 10 దాకా. పంపు ఆపి కేథటర్ తీసేసిన రోజు సాయంత్రమే డిశ్చార్జ్ అడుగుతారు. మార్ఫిన్ ఇచ్చి 24 గంటలు నిండకపోతే పంపకండి. నిండినా, కిడ్నీ జబ్బు, స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్ళను, ఆ రోజు నాలాక్సోన్ అవసరమైన వాళ్ళను ఇంకో రాత్రి ఉంచండి. మిగతావాళ్ళకు మత్తు స్కోరు 0, శ్వాస 12 పైన, ఆక్సిజన్ లేకుండా శాచురేషన్ ఆపరేషన్‌కు ముందున్నంతే ఉందని చివరిసారి లెక్కపెట్టి, సమయం వేసి, సంతకం పెట్టి మంచం తలవైపు లేబుల్ తీసేయండి.